వారసత్వ బేరింగు

దమయంతి గారికి లోకంలో రెండంటే ప్రాణం. ఒకటి నాన్నగారి కారు, రెండోది తమ్ముడు శంభుప్రసాదు. ఆ తమ్ముడికి ఈ కారంటే చిన్నప్పట్నుంచీ పడదు. ఎందుకు పడదో ఎవరికీ తెలీదు. కారు మాట ఎత్తితే చాలు, మనిషి మొహం ముడుచుకుపోతుంది.

నాన్నగారంటే మెట్టవరం డాక్టరు విశ్వపతి గారు. ఆ చుట్టుపక్కల పాము కరిచినా, పురిటినొప్పులొచ్చినా, బిస్కట్ రంగు కారొకటి దుమ్ము రేపుకుంటూ వచ్చి గుమ్మం ముందు ఆగేది. ఇంగ్లండులో పుట్టిన కారు. దాన్ని కన్న కంపెనీ ఎప్పుడో మూతపడింది. డాక్టరు గారు పోయాక పంపకాల దగ్గర శంభుప్రసాదు "ఆ డబ్బాని తూకానికి అమ్మేద్దాం అక్కా" అన్నాడు. గర్ల్స్ హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైన దమయంతి గారు ఒక్క చూపు చూసి, "పొలం నువ్వు తీసుకో, కారు నాకొదిలెయ్" అంది. అతను ఆ పొలం అమ్మి కాకినాడలో మేడ కట్టాడు. ఆవిడ ఆ కారులోనే కూరగాయలకీ, పెళ్ళిళ్ళకీ, పరామర్శలకీ తిరుగుతూ ఉంది.

మేడకి గృహప్రవేశం పెట్టుకుని తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ముందురోజే వచ్చెయ్. కాకపోతే బస్సులో రా. ఆ డబ్బాలో బయల్దేరావంటే మేం పాలు పొంగించే వేళకి నువ్వు సామర్లకోట దగ్గర ఎవరిచేతో తోయించుకుంటూ ఉంటావ్."

అంతే, ఆవిడకి చుర్రుమంది. "ఒరేయ్ శంభూ! నాన్నగారి కారులోనే వస్తాను. నీ మేడ గుమ్మం ముందే ఆపుతాను. నువ్వు వచ్చి తలుపు తీస్తేనే దిగుతాను. లేకపోతే నీ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను."

"తీస్తాలే. వస్తే కదా!" అని నవ్వి పెట్టేశాడు.

పంతం పట్టడానికేం, నోరుంటే చాలు. కారుకి ఆ సంగతి తెలియాలిగా! మర్నాడు సందు మలుపులో స్టీరింగు తిప్పితే ముందు చక్రం దగ్గర "కిర్ర్... కటక్" అంది. ఎడమకి తిప్పినా అదే, కుడికి తిప్పినా అదే. పాలవాడు సైకిలు దిగి పక్కకి తప్పుకున్నాడు.

జిలానీ షెడ్డుకి తీసుకెళ్ళింది. జిలానీ తండ్రి దగ్గర్నుంచీ ఆ కారుకి వైద్యం అక్కడే. అతను కింద దూరి, పైకి లేచి, చేతులు తుడుచుకున్నాడు.

"సస్పెన్షన్ బేరింగు పోయిందండి అమ్మగారూ. చక్రం పైన, స్ప్రింగు నెత్తిన కూర్చుంటదండి. బండి బరువు మోస్తా, మీరు స్టీరింగు తిప్పినప్పుడల్లా అదీ తిరగాలండి. ఇప్పుడు తిరగట్లేదండి, ఏడుస్తుందండి."

"కొత్తది వేసెయ్ మరి."

"ఒరిజినలాండి, లోకలాండి?"

"తేడా ఏంటి?"

"లోకల్ అయితే రాజమండ్రిలో ఉందండి, సాయంత్రానికల్లా వచ్చేస్తదండి. ఒరిజినల్ కోయంబత్తూరులో ఒకాయన దగ్గర ఒకటుందంటండి. ఆయన అమ్మడండి. చూపిస్తాడంటండి."

"లోకల్ వేస్తే కాకినాడ వెళ్తుందా?"

"కాశీ దాకా వెళ్తదండి."

"ఒరిజినల్ వేస్తే?"

"అదీ కాశీ దాకానేనండి. ఆపైన రోడ్డు ఎలా ఉంటదో నాకు తెలీదండి."

ఇక్కడ ఆవిడ "సరే, లోకలే వెయ్యి" అని ఉంటే ఈ కథ లేదు. కానీ ఆవిడకి నాన్నగారు గుర్తొచ్చారు. సాయంత్రాలు బానెట్ మీద చెయ్యి వేసి నిమురుతూ, "అమ్మడూ, ఈ బండిలో ఒక్క మేకు కూడా పరాయిది లేదు. ఒరిజినల్ అంటే ఇదీ!" అనేవారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం వెలిగిపోయేది. అలాంటి కారుకి లోకల్ సామాను వేయించి కాకినాడ వెళ్తే, శంభు తలుపు తీసేముందు చక్రం కింద తలపెట్టి చూడడూ! "నాన్నగారి బండికి దొంగ సరుకు వేయించిన కూతుర్ని అనిపించుకోను" అని కిర్రు కటక్ మంటూ కారు తిప్పేసింది.

సరిగ్గా మునిసిపల్ ఆఫీసు ముందు ఆవిడ కంట ఓ కొత్త బోర్డు పడింది. "మన ఒరిజినల్, మన గౌరవం. వారసత్వ వస్తువులకు అసలు విడిభాగములు సమకూర్చు సహాయ కేంద్రం."

ఆ బోర్డుకో చరిత్ర ఉంది. ఆ ఏడాది పైనుంచి వారసత్వం మీద ఓ ఉత్సాహం దిగింది. ప్రతి పట్టణమూ తన వారసత్వాన్ని గుర్తించి కాపాడాలి, మార్చి దాటితే నిధులు వెనక్కి. పక్క ఊళ్ళలో కోటలున్నాయి, శాసనాలున్నాయి. మెట్టవరంలో అన్నిటికన్నా పాతది బస్టాండు వెనక సగంలో ఆగిపోయిన మురుగుకాలవ. దాన్ని వారసత్వంగా ప్రకటిద్దామంటే, అది ఇంకా నిర్మాణంలోనే ఉందని రికార్డులు చెబుతున్నాయి. పాపం, వారసత్వ ప్రత్యేకాధికారి ఏకామ్రేశ్వరరావు గారు దిగులుతో నిద్రాహారాలు మానేశారు. ఆయన నిన్నమొన్నటిదాకా దోమల నివారణ చూసేవారు. దోమలైతే వెతక్కుండానే దొరికేవి.

దమయంతి గారు లోపలికొచ్చి, అరవై రెండు మోడల్ కారనీ, తండ్రిగారిదనీ, ఒరిజినల్ బేరింగు కావాలనీ చెప్పేసరికి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అమ్మా! తమరు విడిభాగం కోసం వచ్చాననుకుంటున్నారు. కాదు. తమ ద్వారా సాక్షాత్తూ చరిత్రే ఈ కార్యాలయానికి విచ్చేసింది."

"చరిత్ర బయట ఎండలో ఉందండీ. రంగు పోతుంది, కాస్త నీడకి తీయించండి" అంది ఆవిడ.

కమిటీ అంతా బయటికొచ్చింది. కమిటీ అంటే ఆయనా, దోమల విభాగం నుంచి ఆయనతోపాటే బదిలీ అయిన సిబ్బందీను. పొగ మిషన్లు ఇంకా వాళ్ళ భుజాలకే ఉన్నాయి. ప్రత్యేకాధికారి గారు స్టీరింగు తిప్పించి, చక్రం దగ్గర చెవి పెట్టారు.

"ఈ ధ్వని?"

"బేరింగు పోయిందండీ."

"పోలేదమ్మా. మిగిలింది" అన్నారాయన గద్గదంగా. "ఇన్నేళ్ళ కాలప్రవాహాన్ని తట్టుకుని మనకోసం మిగిలింది. దీన్ని తీసి పారేయడానికి తమకు మనసెలా ఒప్పిందమ్మా?"

ఆవిడకి నిజంగానే సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ఆయన ముందుపెట్టిన కాగితం మీద సంతకం చేసేసింది.

ఉత్తర్వు సాయంత్రానికే వచ్చింది. మామూలుగా మెట్టవరం మునిసిపాలిటీలో వీధిదీపం మాడిపోతే కొత్తది వేసేసరికి ఆ వీధిలో పిల్లలు పెద్దవాళ్ళయిపోతారు. ఇది మాత్రం టపాకాయలా వచ్చి పడింది. "సదరు వాహనమునకు అసలుది కాని బేరింగు అమర్చరాదు. అసలు బేరింగు ప్రస్తుతం ఎచ్చటనూ తయారగుట లేదు. కావున లభ్యమగుచున్న ఏకైక అసలు బేరింగు సదరు వాహనములో ఉన్నదే. వాహనము నడిచినచో అది అరుగును. కావున వాహనము నడవరాదు."

ఆవిడ రెండుసార్లు చదివింది. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. తిన్నగా ఆఫీసుకెళ్ళింది.

"మరి నేను కాకినాడ ఎలా వెళ్ళాలండీ?"

"ఆ అంశం మా విభాగం పరిధిలోకి రాదమ్మా. దానికి బస్సులున్నాయి."

"బస్సులో వెళ్తే నా మాట పోతుంది!"

"తమ మాట వారసత్వం కాదు కదమ్మా" అన్నారాయన ఎంతో మర్యాదగా.

కానీ దమయంతి గారు హాస్టల్లో గోడ దూకే పిల్లల్ని పట్టుకున్న మనిషి. రోజూ వచ్చి ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుని స్వెట్టరు అల్లడం మొదలెట్టింది. మన ఎండల్లో స్వెట్టరేమిటో ఆయనకి అర్థం కాలేదు. చివరికి స్వెట్టరు చేతుల దాకా వచ్చేసరికి భయమేసి ఫైలు తిరగేశారు.

"ఒక వెసులుబాటు ఉన్నదమ్మా. వారసత్వ యాత్రానుమతి. బేరింగుతోపాటు తక్కినవన్నీ కూడా అసలువే అయిన పక్షంలో ఒక్క పర్యాయం వాహనం నడుపుకోవచ్చు."

"తక్కినవన్నీ అంటే?"

"కమిటీ పరిశీలిస్తుంది."

పరిశీలించింది. మొట్టమొదట టైర్లలో గాలి పట్టుబడింది. అది కిందటి నెల పెట్రోలు బంకులో కొట్టించినదని ఆవిడే అమాయకంగా ఒప్పుకుంది. అసలు గాలి కాదని తేలగానే సిబ్బంది నాలుగు టైర్లూ ఖాళీ చేసి, అరవై రెండు నాటి గాలి లభ్యతపై నివేదిక కోరుతూ పైకి రాశారు. ఆ తరవాత ఆవిడే పట్టుబడింది.

"వాహనపు మూల యజమాని డాక్టరు విశ్వపతి గారు. తమరు తదనంతర యజమాని. అనగా కంపెనీ వాహనముతో సమకూర్చినవారు కాదు. బయటి నుంచి తరవాత సమకూరినవారు."

"బయటి నుంచేంటండీ? మా అమ్మ కడుపులోంచి సమకూరాను!"

"దానికి ధ్రువపత్రం ఉన్నదా?"

ఆవిడ పుట్టిన ధ్రువపత్రం తెచ్చి బల్ల మీద కొట్టింది. అందులో నాన్నగారి సంతకం చూసి కమిటీ ఆవిడని "అసలునకు సమానమైన భాగము"గా షరతులతో ఆమోదించింది. ఆ రాత్రి ఆవిడ అద్దం ముందు జడ వేసుకుంటూ, సమానమైన భాగమన్నారు, పోనీలే, అనుకుంది. మనిషికి ఆశ అలాంటిది.

ఇక రోడ్డు. ఆవిడ ఇంటి ముందు నుంచి కాకినాడ వైపు వెళ్ళే రోడ్డుకి కిందటేడే సిమెంటు వేశారు. అసలు కారు అసలు రోడ్డు మీదే నడవాలి కాబట్టి సిమెంటు తవ్వించి కంకర రోడ్డు పునరుద్ధరించాలని తీర్మానమైంది. సిమెంటు వేసిన కాంట్రాక్టరునే తవ్వడానికి పిలిచారు. "వేసినా తవ్వినా మాకొకటేనండి, తవ్వడమైతే నాణ్యత అడగరండి" అని సంబరపడిపోయాడు. గుంతలు కూడా అసలు చోట్లలోనే ఉండాలి కదా! పాత తరం వాళ్ళని పిలిపించి వాంగ్మూలాలు తీసుకున్నారు. మిల్లు దగ్గర వెంకన్న తాత కర్రతో చూపించి, "ఇక్కడే బాబూ, మా కోడె పడి కాలిరిగింది" అంటే, సిబ్బంది అక్కడ శ్రద్ధగా గొయ్యి తీసి పక్కన సున్నంతో గుర్తు వేశారు. మెట్టవరం చరిత్రలో ఓ రోడ్డు పని గడువుకి ముందే పూర్తవడం అదే మొదలు.

ఇరుగుపొరుగు వాళ్ళు దుమ్ము దులుపుకుంటూ దమయంతి గారిని తిట్టుకున్నారు. ఎదురింటి వాళ్ళు పలకరించడం మానేశారు. ఆవిడకి బాధేసింది గానీ, ఇంకొక్క అడుగే కదా అని పంటిబిగువున ఓర్చుకుంది. గృహప్రవేశం దగ్గర పడింది.

"అన్నీ అసలువే అయ్యాయి కదండీ. ఇక బయల్దేరనా?" అని అడిగింది.

ఏకామ్రేశ్వరరావు గారు కిటికీలోంచి రోడ్డు చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఇంత గతుకుల దారిలోనా! వారసత్వ బేరింగునా! అరిగిపోదూ?"



పైగా వాహనం ఆవిడ చేతిలో ఉంటే ప్రమాదమని ఆయనకి గట్టిగా అనిపించింది. దాన్ని మునిసిపల్ పార్కుకి తరలించి ఇటికల మీద నిలబెట్టారు. బేరింగుని విడిగా తీసి అద్దాల పెట్టెలో ప్రదర్శనకి పెట్టాలన్నారు. తీయడానికి జిలానీని పిలిచారు. అతను బేరింగు బయటికి లాగి, అటూ ఇటూ తిప్పి, దానితోపాటు ఊడొచ్చిన రేకుముక్కని చూసి నుదురు చిట్లించాడు.

"అమ్మగారండీ, ఇందులో రేకు ఎందుకు పెట్టారండి? ఇది చూస్తే నాకు..."

"అనధికార వ్యక్తులు వారసత్వంపై అభిప్రాయము వెలిబుచ్చరాదు" అని ప్రత్యేకాధికారి గారు గసిరారు. జిలానీ నోరు మూసుకుని ఇంటికి పోయాడు. రేకుముక్క కూడా పక్కనే మఖమల్ గుడ్డ మీద చేరింది.

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. ముఖ్య అతిథి కొబ్బరికాయ కొట్టి, బేరింగుకి దండ వేసి, "దీన్ని చూసి యువత ఎంతో నేర్చుకోవాలి" అన్నారు. బడిపిల్లల్ని వరసలో తెచ్చి చూపించారు. బేరింగు తీయకముందే రికార్డు చేసిపెట్టిన చప్పుడుకి "వారసత్వ నాదం" అని పేరుపెట్టి, రోజూ పొద్దున్నే పార్కు మైకులో వేయసాగారు. "కిర్ర్... కటక్. కిర్ర్... కటక్." ఒక వింత మాత్రం ఎవరికీ అంతు చిక్కలేదు. అది మొదలవగానే మిల్లుకి వెళ్ళే తవుడు లారీలు పార్కు ముందు ఠక్కున ఆగేవి. డ్రైవర్లు దిగి, ముందు చక్రాలు చూసుకుని, బుర్ర గోక్కుంటూ మళ్ళీ ఎక్కేవాళ్ళు. "శ్రామికులలో వారసత్వ చైతన్యం వెల్లివిరియుచున్నది" అని ఏకామ్రేశ్వరరావు గారు పైకి నివేదిక పంపారు.

గృహప్రవేశం రోజు రానే వచ్చింది. దమయంతి గారు తెల్లారుతూనే తలంటుకుని, వంకాయరంగు పట్టుచీర కట్టుకుని, తమ్ముడి కోసం తెచ్చిన బట్టలు పళ్ళెంలో సర్దుకుని బయటికొచ్చింది. ఎదురుగా బస్సు ఆగింది. కండక్టరు "కాకినాడ, కాకినాడ" అని అరిచాడు. ఆవిడ దాన్ని పోనిచ్చి, నడుచుకుంటూ పార్కుకెళ్ళి, ఇటికల మీదున్న కారు తలుపు తీసుకుని స్టీరింగు ముందు కూర్చుంది.

కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ప్రదర్శన వస్తువులో కూర్చోకూడదండి!"

"నేనూ ప్రదర్శనేనయ్యా. అసలునకు సమానమైన భాగాన్ని. కావాలంటే నాక్కూడా దండ వెయ్యి."

అతను ఆ కాగితం చూసినవాడే. పొగ మిషను తుడుచుకుంటూ పక్కన నిలబడ్డాడు.

ఆవిడ స్టీరింగు పట్టుకుంది. నాన్నగారి చేతుల రాపిడికి నున్నబడ్డ స్టీరింగు. హాస్టల్లో ఇన్నేళ్ళు ఎవరి ముందూ కంటతడి పెట్టని మనిషికి ఏడుపు తన్నుకొచ్చింది. పిచ్చి పంతానికి పోయి తోడబుట్టినవాడి శుభకార్యం పోగొట్టుకున్నాను కదా, సాయంత్రానికి వచ్చే లోకల్ బేరింగుని కాదన్నాను కదా, అని తనని తనే తిట్టుకుంది.

ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావక్కా? పంతులు గారు పాలు పెట్టమంటున్నారు."

"కారులోనే ఉన్నానురా."

"ఎక్కడిదాకా వచ్చావ్?"

"పార్కు దాకా."

"ఏ పార్కు?"

"మా ఊరి పార్కేరా. ఇటికల మీదున్నాను" అని చెప్పి ఆవిడ ఇక ఆపుకోలేకపోయింది.

అతను నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. ఫోన్ పెట్టేశాడు. అలిగాడేమో అని ఆవిడ బెంగపడింది.

ఎండ పైకొచ్చేసరికి పార్కు గేటు ముందు ఆటో ఆగింది. పట్టుపంచె, నుదుట కుంకుమ, చేతిలో లడ్డూల పొట్లంతో శంభుప్రసాదు దిగాడు. రాఘవమ్మ చెరువు దగ్గర రోడ్డు గోతిలో తను ఎక్కొచ్చిన టాక్సీ దిగబడిపోయిందట. "ఎవడక్కా ఈ రోడ్డు తవ్వించిందీ!" అంటూనే వచ్చాడు.

"పాలు పొంగించావా?"

"పొంగించి, మిగతాదంతా మీ మరదలి మీద పడేసి వచ్చా. వదిన లేకుండా ఏం గృహప్రవేశమండీ అని అదీ ఏడుపే. దిగు, వెళ్దాం."

"నువ్వు తలుపు తీస్తే దిగుతానన్నాను."

"తీస్తా తల్లీ, తీస్తా" అని అతను పిడి పట్టుకు లాగాడు. పిడి ఊడి చేతిలోకొచ్చింది. కాపలా మనిషి "అయ్యో, వారసత్వం!" అన్నాడు. శంభుప్రసాదు గబుక్కున దాన్ని లాల్చీ జేబులో వేసుకుని, ఏమీ ఎరగనట్టు పక్కకి తిరిగాడు. అక్కడ అద్దాల పెట్టె కనపడింది. దండా, మఖమలూ, బేరింగూ, రేకుముక్కా.

మనిషి కొయ్యబారిపోయాడు. తరవాత చిన్నగా మొదలైన నవ్వు పెద్దదై, కళ్ళమ్మట నీళ్ళొచ్చి, గడ్డిలో చతికిలబడిపోయాడు.

"ఏవైందిరా నీకు?"

"అక్కా... ఇది... తవుడు లారీదే!"

కాలేజీ రోజుల్లో, నాన్నగారు మద్రాసు వెళ్ళినప్పుడు, స్నేహితుల్ని ఎక్కించుకుని రెండో ఆటకి వెళ్తూ రైలుకట్ట దగ్గర ఒరిజినల్ బేరింగు పిండి చేశాడట. జిలానీ తండ్రి కాళ్ళు పట్టుకుంటే, మిల్లు లారీది పాత బేరింగొకటి తెచ్చి, వదులుగా ఉందని నూనె డబ్బా రేకు కత్తిరించి దూర్చి, నాన్నగారు రైలు దిగేలోగా బిగించేశాడట.

దమయంతి గారు అటువైపు తలుపు తీసుకుని దిగొచ్చి, నెత్తి మీద ఒక్కటిచ్చింది. "పాపిష్టోడా! ఒక్క మేకు కూడా పరాయిది లేదని నాన్నగారు పోయేదాకా మురిసిపోయార్రా!"

"అందుకేగా చెప్పలేదు! ఆయన బానెట్ నిమిరినప్పుడల్లా నా పై ప్రాణాలు పైనే పోయేవక్కా. ఆ కారు ఎప్పుడు ఆగుతుందో, నా బండారం ఎప్పుడు బయటపడుతుందో అని జీవితమంతా హడలి చచ్చాను. తూకానికి అమ్మేద్దామని ఊరికే అన్నాననుకున్నావా!"

ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేసింది. ఆ తరవాత ఒక్కసారిగా కళ్ళు తుడుచుకుని, తమ్ముడి రెక్క పట్టుకుని ఆఫీసుకి ఈడ్చుకుపోయింది.

విషయం విని ఏకామ్రేశ్వరరావు గారి మొహం పాలిపోయింది. ముఖ్య అతిథి కొబ్బరికాయ కొట్టేశారు. నివేదిక పైకి పోయింది. శ్రామికులలో చైతన్యం సంగతి కూడా పోయింది. అయినా ఆయన ధైర్యం తెచ్చుకుని అత్యవసర సమావేశం పెట్టారు. జిలానీ మిల్లు నుంచి ఓ లారీ బేరింగు తెచ్చి పక్కన పెట్టాడు. కవల పిల్లల్లా ఉన్నాయి. కారులో దాని చోటు కొలిస్తే, బేరింగుకీ ఆ చోటుకీ పొంతనే లేదు. కమిటీ తలుపులు వేసుకుంది. లోపల్నుంచి ఒకసారి పొగ మిషను మోగింది, బహుశా అలవాటు చొప్పున. చాలాసేపటికి ప్రత్యేకాధికారి గారు తేటపడిన మొహంతో బయటికొచ్చి తీర్మానం చదివారు.

"సదరు బేరింగు అసలుదేనని ఈ కమిటీ ఇదివరకే ధ్రువీకరించియున్నది. కమిటీ ధ్రువీకరణలో పొరపాటు ఉండజాలదు. సదరు బేరింగు సదరు కారుకు సరిపోదని నేడు నిస్సంశయముగా రుజువైనది. కావున సదరు కారు నకిలీదని ఇందుమూలముగా ప్రకటించడమైనది. నకిలీ వాహనమును వారసత్వ ప్రాంగణము నుంచి తక్షణమే తొలగించనిచో ఆక్రమణగా పరిగణించబడును."

శంభుప్రసాదుకి రోషం పొడుచుకొచ్చింది. "ఏంటండీ, మా నాన్నగారి కారు నకి..."

దమయంతి గారు అతని కాలు గట్టిగా తొక్కింది. "ఎక్కడ సంతకం పెట్టాలండీ?" అని అడిగింది. ఒక్క బేరింగు లోకల్‌ది వేయించనన్న మనిషి, మొత్తం కారు దొంగదని ఒప్పుకుంటూ చక్కగా గుండ్రటి అక్షరాలతో సంతకం చేసింది. నాన్నగారు చూస్తే ఏమంటారా అని క్షణం అనిపించింది గానీ, పాము కరిచినవాడి గుమ్మం ముందు ఆగినప్పుడు ఆ బండి బేరింగు ఏ దేశానిదని ఆయన్నెవరూ అడగలేదు కదా అనుకుంది.

జిలానీ సంచిలోంచి మిలమిలలాడే లోకల్ బేరింగు తీశాడు. "మొదటి రోజు సాయంత్రమే తెప్పించి ఉంచానండి. ఎలాగూ వస్తారని తెలుసండి."

"తెలిసినవాడివి చెప్పొద్దూ!"

"చెప్తే మీరు వింటారాండి?" అని అతను కారు కిందకి దూరాడు. బిగించి బయటికొచ్చి, పంపు పట్టుకుని అడిగాడు. "టైర్లకి ఏ గాలండి?"

"వీధిలో గాలే కొట్టు నాయనా. అందరం పీల్చేది అదేగా."

ఇటికలు తీసేశారు. నాన్నగారి కారు రెండు దగ్గులు దగ్గి కదిలింది. గేటు మలుపులో ఆవిడ స్టీరింగు తిప్పింది. కిర్రూ లేదు, కటక్కూ లేదు. అదే సమయానికి వెనక పార్కు మైకులో వారసత్వ నాదం మొదలైంది. సాయంత్రం బడిపిల్లల కోసం రెండో విడత వేస్తున్నారట. ఎదురుగా వస్తున్న తవుడు లారీ ఠక్కున ఆగింది. డ్రైవరు దిగి ముందు చక్రం చూసుకుంటున్నాడు.

"నీది బానే ఉందయ్యా, వెళ్ళు!" అని శంభుప్రసాదు కిటికీలోంచి అరిచాడు.

సున్నం గుర్తుల గోతులన్నీ దాటుకుంటూ, సామర్లకోట దగ్గర ఎవరిచేతా తోయించుకోకుండా, చీకటిపడే వేళకి కాకినాడ చేరారు. చుట్టాలు వెళ్ళిపోయారు. షామియానా మనుషులు కర్రలు విప్పుతున్నారు. మరదలు పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది. దమయంతి గారు సరిగ్గా ఆ గుమ్మం ముందే కారు ఆపి, ఇంజను కట్టేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తిన్నగా ముందుకి చూస్తూ కూర్చుంది.

శంభుప్రసాదు ఇటువైపు దిగి, చుట్టూ తిరిగి అటువైపు వచ్చాడు. లాల్చీ జేబులోంచి పిడి తీశాడు. దాన్ని కన్నంలో దూర్చి, వంగుని, చాలా జాగ్రత్తగా తిప్పి తలుపు తీశాడు.

ఆవిడ కుడికాలు ముందు పెట్టి దిగింది. మేడని కింద నుంచి పై దాకా చూసింది.

"బావుందిరా ఇల్లు" అంది. "ఏదీ, ముందు కాసిని మంచినీళ్ళు ఇయ్యి. పొద్దున్నించీ గుక్కెడు తాగలేదు."